కోసిన పైపు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ప్రొద్దుటూరు మెకానిక్ కుళ్లాయప్ప ఏ కారు వచ్చినా ముందు కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. తర్వాత పెట్రోలు పైపుల వెంట బొటనవేలు పోనిచ్చేవాడు. పైపు చిల్లుపడి గాలి పీల్చే చోట ఆ వేలు ఆగేది. దారిలో మాటిమాటికీ ఆగిపోతోందని తెచ్చిన ఓబుళరెడ్డి కారులో అది పంపు దగ్గరి రబ్బరు పైపు అడుగున ఆగింది.

"ఇది పగల్లేదు రెడ్డీ, కత్తితో కోసినారు," అన్నాడు మెల్లగా.

రెడ్డి, అవతల సోడా తాగుతున్న డ్రైవరు వైపు చూశాడు. "కారు వానొక్కని చేతిలోనే ఉంటాది. దావలో ఆపి నన్ను పగోళ్లకు పట్టియ్యాలని చూసినాడు. వానికేం చెప్పాకు. కొత్త పైపెయ్."

పైపు మార్చాక ఇంజను నున్నగా పలికింది. రెడ్డి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

"యాడికి పోదాం రెడ్డీ?" డ్రైవరు నవ్వుతూ అడిగాడు.

"అడివి దావ పట్టు."

డ్రైవరును ఆగమనబోయి కుళ్లాయప్ప నోరు తెరిచాడు. మాట పైకి రాకముందే కారు మలుపు తిరిగింది.