జబ్బ మీది గడ్డ

మొన్న నా కూతురికి టీకా వేయించడానికి పోతే, ఆస్పత్రిలో నర్సమ్మ మందుబుడ్డిని చేతిలో ఆడించింది. అడుగున పేరుకున్న తెలుపు లేచి మందంతా మబ్బు పట్టినట్టయింది. అంతలో దూదికద్దిన స్పిరిట్ వాసన ముక్కుకు తగిలి, నాగలమడిక దాపున మా ఊరి బడి వసారా, అందులో జబ్బలు బయటపెట్టుకొని నిలబడిన మా అయిదో తరగతి వరుస కళ్ల ముందుకొచ్చాయి.

అవి శెనక్కాయ చెట్లు పీకే రోజులు. ఊరంతా తడి మట్టి వాసన, ప్రతి ఇంటి ముందర కాయల రాశి, పొయ్యిలో కాల్చిన పచ్చికాయలు ఒలిచి ఒలిచి నల్లబడిన మా వేళ్లు. బడిలో సూది వేసిన సాయంత్రం పొలం నుంచి వచ్చిన మా అవ్వ, నాన్నను కన్నతల్లి, కాళ్లయినా కడుక్కోకుండా నా జబ్బ పట్టుకొని చూసింది.

"మందు ఎట్లుండెమ్మే?"

"సున్నం నీళ్ల మాదిరి ఉండె" అన్నాను. నా కళ్లకు కనబడింది చెప్పాను, అంతే. ఆ మాటకు అవ్వ ముఖం మారిపోయింది.

తెల్లారేసరికి సూది పొడిచిన చోట ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలుతూ, చెయ్యి పైకి లేవకుండా పోయింది. జ్వరమూ వచ్చింది. సూది ముక్క ఇరిగి లోపలే ఉండిపోయిందని అవ్వ తేల్చేసింది. వాత పెట్టడానికి పొయ్యిలో కమ్మీ కూడా పెట్టింది. అమ్మ పరుగెత్తిపోయి, ఆ పొద్దు అంగనవాడికి వచ్చిన నర్సమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆమె బాల్‌పెన్నుతో వాపు చుట్టూ గీత గీసింది. "ఈ గీత దాటి పాకితే, జొరం తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకురాండి. అంతవరకూ పిసకొద్దు, వాత పెట్టొద్దు. మందు పనిజేస్తాండాది, అందుకే వాపు."

"పనిజేసే మందు బిడ్డను పండబెట్టేదేంది?" అని అవ్వ.

ఎవరి మాట నమ్మాలో నాకు తెలియలేదు. బడిలో నా పక్కన కూర్చునే గంగరత్నకు జబ్బ మీద దోమ కుట్టినంత గుర్తు కూడా లేదు. నర్సమ్మ మాట విన్నాక "నాకు వట్టినీళ్లు ఎక్కించినారేమో" అని అది ఏడుపు మొదలుపెట్టింది. దానికి నన్ను చూస్తే ఈర్ష్య, నాకు దాన్ని చూస్తే ఈర్ష్య. అచ్చంగాయలు ఆడుతూ ఆడుతూ ఆపి ఒకరి జబ్బ ఒకరం నొక్కి చూసుకునేవాళ్లం.

నాలుగు రోజులకు జ్వరం, ఎరుపు పోయాయి. గీత దాటలేదు. కానీ తోలు కింద రేగ్గింజంత గడ్డ వారాల తరబడి ఉండిపోయింది. అది మంచిదో చెడ్డదో నాకు అర్థం కాలేదు.

అప్పటికి తమ్ముడు నెలల బిడ్డ. "ఈ ఇంట్లో ఇంకెవురికీ సూది వద్దు" అన్నది అవ్వ. వాడి టీకా రోజు అమ్మ బిడ్డనెత్తుకొని గడపలో నిలబడింది. అత్త మాట దాటి అడుగు వేయలేదు, వెనక్కూ రాలేదు. అవ్వ ఉన్నట్టుండి నా వైపు తిరిగి "నువ్వు జెప్పమ్మే. పడింది నువ్వు గదా. బిడ్డకు ఏపిచ్చేదా, వద్దా?" అని అడిగింది. నొప్పి గుర్తొచ్చింది, నర్సమ్మ మాట గుర్తొచ్చింది, చెయ్యి దానంతటదే గడ్డ మీదికి పోయింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒకటే: అవ్వ బిడ్డను లాక్కొని చంకనేసుకొని అంగనవాడి దారి పట్టడం. ఆ సాయంత్రం వాడి తొడ వాస్తే, కాటుక వేలితో చుట్టూ గీత గీసి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా విసురుతూ కూర్చుంది. రెండు రోజులకు వాపు తగ్గింది.

మొన్నటి నర్సమ్మ విడమరిచి చెప్పింది. మందును ఒళ్లు బాగా గుర్తుపట్టాలని, పటిక జాతి ఉప్పు రవ్వంత కలుపుతారట, ఆ తెలుపు అదేనట, గడ్డ కట్టేదీ దానివల్లేనట. కొందరికి వాస్తుందట, కొందరికి వాయదట, వాళ్లకూ వీళ్లకూ పనిచేస్తుందట. ఇది వినవలసిన అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మా శెనక్కాయ చేను సోలార్ పలకల కింద ఉంది. ఇళ్ల ముందర కాయల రాశులు లేవు, ఆ వాసనా లేదు. ఇంటికొచ్చి అమ్మను అడిగాను, ఆ పొద్దు నేనేం చెప్పినానని.

"నువ్వేం జెప్పలేదు. ఏడ్చినావు, అంతే."

తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "మీ అక్క ఏపిచ్చమన్యాది, అందుకే ఏపిచ్చినా అని అవ్వ నాకు ఎన్నిసార్లో చెప్పినాది" అన్నాడు.

ఎంత తలుచుకున్నా నా నోటి మాట నాకు వినబడదు.