మంజీర జుట్టు

మా ఇంటి ఓనరు పెద్దమ్మ పోయింది. కంపెనీ బస్సు ఇస్నాపూర్ చౌరస్తా దాటుతుండగా ఆమె కోడలు ఫోన్ చేసింది. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదట. మా పిల్ల నాటకం వేషానికి అల్లుతున్న నీలి ఊలు జుట్టు ఆమె ఒళ్లో అట్లాగే ఉందట.

చిట్కుల్‌లో వాళ్లింటి వెనక గదుల్లో మేం కిరాయికి ఉంటున్నాం. అమ్మ లేని నాకు, షిఫ్టు దిగి రాగానే తిన్నావా అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. తలుపేసుకుని కూర్చుంటే ఊరుకునేది కాదు. "కిరాయి అర్రలకే గని వాకిలికి కాదు, వచ్చి కూసో" అనేది.

ఊలు, క్రోషా సూది చేతికి దొరికితే ఆమెకు లోకం పట్టదు. మీకు నవ్వొస్తుందేమో గానీ, టీవీకి, మిక్సీకి, ఆఖరికి గ్యాసు బండకు కూడా చొక్కాలు అల్లి తొడిగింది. మా పిల్లకు బడి నాటకంలో మంజీర నది వేషం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం సూది పక్కన పెట్టింది. ఆమె పుట్టిల్లు మంజీర ఒడ్డునే. అక్కడ ఇప్పుడు తనవాళ్లెవరూ లేరు.

మర్నాడే పిల్ల తలకు సరిపోయే గిన్నె వెతికి, బోర్లించి, దాని మీద కొలత చూసుకుంటూ టోపీ అల్లింది. పప్పు గిన్నె మాయమైందని కోడలు ఒకటే సణుగుడు. తర్వాత ఆ టోపీ నుంచి ఒక్కో వెంట్రుకనూ గొలుసులా అల్లుతూ కిందికి దించింది. నడుము దాకా చాలని టీచరు అన్నారని చెబితే నన్ను వింతగా చూసింది.

"మంజీర నడుము కాడ ఆగుతదా బిడ్డా?"

పిల్లకు బరువవుతుందన్నాను.

"పుట్టినూరి నీళ్లు ఎవలకు బరువైతయ్?"

 అల్లుతూనే, ఇసుకలో చెలిమె తవ్వి దోసిలితో తాగిన నీళ్ల గురించి చెప్పేది. పిల్ల నోరు తెరుచుకుని వినేది. నేనూ వినేదాన్ని.

నేను చేరేసరికి ఆమె చీరలు, దిండు పాడె వెంట పంపడానికి మూటగడుతున్నారు. జుట్టుతో సహా ఊలు బుట్ట కూడా అందులో పడింది. ఆమె అల్లింది ఆమెతో పోవడమే న్యాయమేమో అనుకున్నాను. పోతే నాకు ఆమెది ఇంకేమీ మిగలదని ఏడుపొచ్చింది. ఆ బుట్ట వైపే చూస్తూ నిలబడ్డాను. కోడలే ఆ జుట్టు బయటికి తీసి నా చేతిలో పెట్టింది. చివరి పోగు ఇంకా సూదికే ఉంది.

"గీ కొసకు ముడెయ్యి. లేకుంటె అల్లింది అల్లినట్టే ఊడొస్తది" అంది.

మా గదిలోకి తెచ్చి సూది తీశాను. ముడి మాత్రం వేయలేకపోయాను. వేస్తే పెద్దమ్మ అల్లిక అయిపోయినట్టే. ఇప్పటికీ షిఫ్టు దిగి గేటు తీయగానే నా కళ్లు వాకిట్లోకే పోతాయి. నాకు ఆమె కావాలి, అంతే.

నాటకం రోజు పిల్ల ఆ జుట్టు పెట్టుకుని వేదిక మీదికి వచ్చింది. నది ఒడ్డున ఊళ్ల వేషాలు వేసిన పిల్లలు తొక్కకుండా పాదాలు పక్కకు జరుపుకున్నారు. మడమలు దాటి జీరాడుతున్న పోగుల్లో ముడి వేయనిది ఒకటి చెక్కల సందులో చిక్కుకుంది. పిల్లకు తెలియలేదు, నడుస్తూనే ఉంది. అల్లిక ఒక్కో కన్నూ విడిపోయింది. పిల్ల తెర వెనక్కి వెళ్లిపోయాక కూడా, వంకీలు తిరిగిన నీలి దారం వేదిక మీద ఇంకా పొడవవుతూనే ఉంది.