కడుపులో నీరు కడుపులోకే

ఎనభైల చివర్లో నాకు క్లోమం వాచి, చుట్టూ తిత్తిలా నీరు చేరి పొట్ట ఉబ్బింది. చిలకలూరిపేట నుంచి మద్రాసు తీసుకెళ్లారు.

"నోట్లోంచి గొట్టం దింపి, లోపల చిన్న ప్లాస్టిక్ పైపు పెట్టి, ఆ నీరు కడుపులోకి వదులుతామండి" అన్నాడు తెలుగు డాక్టరు.

"కడుపులో నీరు తీయమంటే కడుపులోకే వదులుతారా?" అని మంచం దిగాను. ఆ నీటితిత్తి పగిలితే ప్రాణం పోతుందని ఆయనన్నా వినలేదు.

మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మిరప చేలో నీరు నిలిస్తే గట్టు తెంపి పక్క కాలవలోకేగా వదులుతావు. పడుకో."

పడుకున్నాను. కోత లేకుండానే పొట్ట తగ్గింది. నీరు ఎటు పోయిందా అని రోజూ తడుముకునేవాణ్ణి.

"మీకంటే మీ ఆవిడకే బుర్ర ఉందండి" అన్నాడు డాక్టరు. ప్రాణం నిలిపాడు, కాదనను. కానీ అన్నం అరిగే సంచిని కూడా కడుపనే అన్నది ఆయన. బుర్ర లేనిది నాకా?