ఎడమ చెంపకు చలి వెతికిన అప్పన్న

మా ముత్తాత జగన్నాథ పాత్రుడు గారు పదకొండు ఊళ్ళ ముఠాకు, అంటే ఆ ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే ఎస్టేటుకు, అధిపతి. మా తాత నరసింగ పాత్రుడు గారు సావిట్లో కూర్చుంటే, పెద్దరైతులు సైతం చెప్పులు వీధిలో విడిచి లోపలికి వచ్చేవారు. వారిద్దరికీ గడ్డం గీసిన చేతులు ఒకే కుటుంబానివి. వారానికి రెండుసార్లు మా పెరటి అరుగు మీదికి కత్తుల పొది పట్టుకుని వచ్చిన ఆ కుటుంబంలో, కత్తి పట్టినవారిలో చివరివారు అప్పన్న. మా కుటుంబంలో చివరివాణ్ణి నేను. మా ఇద్దరికీ పరిచయమైంది మాత్రం మా ఊళ్ళో కాదు. జంషెడ్‌పూర్‌లో, భాలుబాసాలో ఆయన పెట్టుకున్న చిన్న క్షౌరశాలలో.

ఆ అప్పన్న కాలం చేశారు. గురువారం పోయారు. నాకు ఆదివారం తెలిసింది.

అలవాటు ప్రకారం ఉదయం ఏడింటికి వెళ్ళాను. షట్టరు పూర్తిగా దించి, తాళం వేసి ఉంది. ఏడింటికి అది నాకోసం సగం ఎత్తి ఉండాలి. పక్కనున్న పాన్ దుకాణం అతను నన్ను చూసి, "ఆప్‌కో కిసీనే బతాయా నహీఁ, బాబూజీ? అప్పన్నా తో చలే గయే," అన్నాడు. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో తప్పూ లేదు. నేను వారికి చుట్టాన్ని కాను, ఇరుగుపొరుగునూ కాను. గీయని గడ్డంతోనే ఇంటికి తిరిగి వచ్చాను.

బతికున్నంతకాలం నేనాయనను 'నువ్వు' అనే పిలిచాను. వారి తండ్రిని మా నాన్నగారూ అలాగే పిలిచేవారట. ఇక్కడ మాత్రం 'ఆయన' అని రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళ కిందట మొదటిసారి ఆ దుకాణానికి వెళ్ళినప్పుడు లోపల నలుగురు బల్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. నేను వరసలో కూర్చునేవాణ్ణి కాను, తిరిగి వెళ్ళబోయాను. అప్పన్న ఒక లారీ డ్రైవరుకు సగం గడ్డం గీసి ఉన్నారు. నా తెలుగు విని, "ఏ ఊరు బాబూ మనది?" అన్నారు. ఊరు చెప్పాను. తాతగారి పేరు చెప్పాను. ఆయన కత్తి మడిచి, చేతులు కడుక్కుని వచ్చి నాకు దండం పెట్టారు. "మీరిక్కడ కూకోకూడదు బాబూ. ఆదోరం నానే వత్తాను మీ ఇంటికి." వెనక నుంచి డ్రైవరు, "అరే భాయ్, ఔర్ మేరా ఆధా?" అని సబ్బు నురగతో అరుస్తున్నాడు. ఆ మిగతా సగం గీసేముందు ఆయన నన్ను గుమ్మం దాకా సాగనంపారు.

ఆనాటికి నేను అద్దె ఇంట్లో రెండు గదుల్లో ఉండేవాణ్ణి. ఒక చిన్న ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసే దగ్గర పని. ఆ సంగతి తెలిసి కూడా ఆయన మోకాళ్ళు సాగినంతకాలం ప్రతి ఆదివారం పొదితో మా గుమ్మంలోకి వచ్చారు. నా ఎదుట ఎన్నడూ కూర్చోలేదు. మోకాళ్ళు మొరాయించాక నేనే వెళ్ళవలసి వచ్చింది. దుకాణం తెరిచేది ఎనిమిదింటికి. ఏడింటికి షట్టరు సగం ఎత్తి, నేను వంగి లోపలికి రాగానే మళ్ళీ దించేసేవారు. నేను వరసలో ఉండగా ఎవరూ చూడకూడదని. ఈ ఏర్పాటు నేను అడగలేదు.

నా ఎడమ చెంప గురించి చెప్పాలి. ఒక వేసవిలో చెమట తుడుచుకోవడానికి ముఖానికి అడ్డున్న కవచం పైకెత్తాను. తప్పు నాదే. చిందిన ఇనుము చెవి కిందనుంచి దవడ దాకా పడింది. పుండు మానింది, స్పర్శ తిరిగి రాలేదు. ఆర్నెల్లలో రావచ్చు, రాకపోనూ వచ్చునన్నారు డాక్టరు. ఆరేళ్ళు గడిచాయి. ఆ చెంప మీద గాటు పడితే చొక్కా మీద నెత్తురు చూసి తెలుసుకునేవాణ్ణి. దానికి నేను బాధపడలేదు. మా ఇంటివాళ్ళు ఇంతకంటే పెద్దవి పోగొట్టుకున్నారు.

తర్వాత నా భార్య జబ్బు పడింది. చివరి రోజుల్లో ఆమెకు మాట పోయింది. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన పక్కకు తిరిగి మందుల చీటీ చదువుతున్నాను. ఆమె చెయ్యెత్తి నా ఎడమ చెంప మీద పెట్టిందట. ఎంతసేపు ఉంచిందో నాకు తెలియదు. నర్సు నవ్వి చెబితే తిరిగి చూశాను. అప్పటికే చెయ్యి దుప్పటి మీదికి దిగిపోయింది. మర్నాడు ఆమె లేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. అప్పన్నకు చెప్పాను, ఆ సమయానికి ఆయన కత్తి ఆ చెంప మీదే ఉంది గనక.

కత్తి ఆగింది. "అమ్మగోరు సెయ్యెట్టినా తెల్లేదా బాబూ?"

"తెలియలేదు."

ఆయన గడ్డం పూర్తి చేసి, పటిక రాసి, తువ్వాలుతో అద్ది, అప్పుడు అన్నారు: "సచ్చిపోయిన సోటు కాదు బాబూ అది. నిద్దరోతంది. లేపాల."

మరుసటి ఆదివారానికి సాక్చీ బజారు నుంచి నీలం రంగు ఆఫ్టర్‌షేవ్ తెచ్చారు. గడ్డం గీశాక రాసుకునే ఆ ద్రవాల్లో మెంథాల్ ఉంటుంది, మన ఇళ్ళలో పిప్పరమెంటు పువ్వు అనేది. కుడి చెంప మీద తడిగుడ్డ వేసి ఫ్యాను కింద కూర్చోబెట్టినట్లయింది. ఎడమ వైపు ఏమీ లేదు. తర్వాత ఆకుపచ్చది, తర్వాత ఎవరితోనో కలకత్తా నుంచి తెప్పించిన రంగులేనిది. అంగట్లో దొరికే చలి చాలదని తేలాక, ఆయనే చేయడం మొదలుపెట్టారు. గాజు సూదుల్లాంటి పిప్పరమెంటు పువ్వు చెంచాతో కొలిచి స్పిరిట్‌లో కరిగించి, పన్నీరు కలిపి సీసాల్లో పోసేవారు. వాటికి పేర్లు లేవు. రెండు చెంచాలది, నాలుగు చెంచాలది, అంతే.

ఆయనకొక నియమం. తన ముఖం మీద రాసుకోని మందు నా ముఖం మీద రాయరు. అద్దం ముందు నిలబడి రెండు చెంపలకీ పట్టించుకుని, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, "హా! సెవుల్లోంచి గాలి పోతంది బాబూ!" అనేవారు. నీళ్ళు కారుతున్న కళ్ళతోనే నా దగ్గరికి వచ్చి, రాసి, పాత పేపరు మడిచి విసిరేవారు. కుడి చెంప కొయ్యబారిపోయేది. ఘాటుకు రెండు కళ్ళూ కారేవి. "తెలిసిందా?" అనేవారు. "లేదు," అనేవాణ్ణి.

ఆ సీసాలకు ఊళ్ళో పేరు వచ్చింది. కొలిమి దగ్గర డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు 'ఠండావాలా' అని అడిగి రాయించుకునేవారు. అయిదు చెంచాలది పొరపాటున తగిలిన ఒకడు కుర్చీలోంచి ఎగిరి, "అప్పన్నా భాయ్, ముఝే దాఢీ బనవానీ థీ, కశ్మీర్ నహీఁ జానా థా!" అన్నాడని, గడ్డానికొస్తే కశ్మీరు పంపావేమని నిలదీశాడని, ఆయన నాకు చెప్పి చెప్పి నవ్వారు.

ఏడు చెంచాల దాకా వెళ్ళేసరికి ఆయన బుగ్గలు ఎర్రబడి పొరలు లేవడం చూశాను. గోవింద్‌పూర్‌లో ఉండే కొడుకు రవి ఒకరోజు వచ్చి, "పాపా, అప్నా చెహ్రా దేఖా హై?" అని కేకలేశాడు. "నా మొకం నీకేటి అడ్డమొచ్చినాది? ఎల్లు," అన్నారు ఈయన, తెలుగులోనే.

ఆ ఆదివారం ఆయన చెవి తమ్మె దగ్గర చర్మం పచ్చిగా కనిపించింది. "తెలిసిందా?" అన్నారు. "ఆఁ. కొద్దిగా చల్లగా ఉంది," అన్నాను.

ఆయన సంతోషం వర్ణించలేను. షట్టరు పూర్తిగా ఎత్తేసి, దుకాణాలింకా తెరవని వీధిలోకి, "బాబుగోరికి సెంప లేసినాది!" అని అరిచారు. పాన్ దుకాణం అతన్ని లేపి జిలేబీ తెప్పించారు. నేనూ తిన్నాను.

మరుసటి ఆదివారం ఎడమ చెంపకు మాత్రం రాసి, విసిరి, అడిగారు. "పోయినవారం కంటే నయం," అన్నాను. ఆయన అదే సీసాలోంచి అరచేతిలో పోసుకుని నా కుడి చెంపకు రాశారు. అది చల్లబడలేదు. ఘాటు లేదు. వాసన లేదు.

"కుళాయి నీళ్ళు బాబూ," అన్నారు. అని, పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. అన్నేళ్ళలో నా ఎదుట ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఎలా అనుమానం వచ్చింది?"

"నిజంగా తెలిస్తే సెయ్యి ఆడికి ఎల్తాది బాబూ. పోయినోరం మీరు సెయ్యెత్తనేదు." అని, సీసా పక్కన పెట్టి, "మీ తాతగోరు మా తాతని తిట్టినారు, కొట్టినారు. అన్నీ సెప్పుకునీవోరు మా ఇంట్లో. అబద్ధమాడినారని మాత్రం ఎప్పుడూ ఇన్నేదు," అన్నారు.

నన్ను అలా అన్నవారు లేరు. లేచి వెళ్ళిపోవలసినవాణ్ణే. "నీ ముఖం చూడలేక అన్నాను అప్పన్నా," అన్నాను.

"నా మొకం నాను సూసుకుంతాను. మీరు నిజం సెప్పండి, సాలు. మీరు లేదంటే, వచ్చే ఆదోరానికి నాకు పనుంటాది. ఉందనీసినాక నాకేటి పని, మీకేటి పని?"

ఆయన భార్య కూడా అప్పటికి రెండేళ్ళ కిందటే పోయింది. నేనది అడిగి తెలుసుకోలేదు, పాన్ దుకాణంలో విన్నాను.

ఆనాటి నుంచి మూడు చెంచాలు దాటకూడదని నేను షరతు పెట్టాను. అబద్ధం చెప్పకూడదని ఆయన పెట్టారు. ఇద్దరం నిలబెట్టుకున్నాం. చలికాలంలో సీసా ఆరుబయట ఉంచి తెచ్చేవారు. వేసవిలో ఐసు ముక్కల్లో పెట్టేవారు. కర్పూరం కలిపి చూశారు, అది వద్దనుకున్నారు. మూడేళ్ళలో ఎన్ని ఆదివారాలో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ముందు తన చెంప, తర్వాత నాది. ప్రతిసారీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు. ఆయన పోయిన గురువారానికి ముందు వచ్చిన ఆదివారం కూడా అంతే.

"తెలిసిందా బాబూ?"

"లేదు."

"లేదా? సరే. వచ్చే ఆదోరం సూద్దాం."

మా వంశంలో పొది పట్టినవారికి నమస్కరించినవారు లేరు. నేను నమస్కరిస్తున్నాను. ఈ ఊళ్ళో మన తెలుగువారు చాలామంది ఆయన చేత గడ్డం గీయించుకుని ఉంటారు. ఆయన చెయ్యి తేలిక అనీ, కబుర్లు బాగా చెబుతారనీ అంటారు. అవి నిజమే, చాలవు. ఒక మనిషి పోగొట్టుకున్నది తన ఒంటి మీద వెతికినవారు ఆయన. నాకు స్పర్శ రాలేదు. రానందుకు చింత లేదు. 'లేదు' అన్న మాట చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండేవారు, ఇప్పుడు లేరు. గడ్డం నేనే గీసుకుంటున్నాను. ఆ వైపు అద్దంలో చూసి గీస్తాను.

పదో రోజు దాటాక గోవింద్‌పూర్ వెళ్ళాను. ఆ ఇంటికి నేను వెళ్ళడం అదే ప్రథమం. రవి కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. మూడు చెంచాల సీసా ఒకటి మిగిలి ఉంటే ఇమ్మని అడిగాను. ఒకరిని ఒకటి అడగడం నాకు అలవాటు లేదు. ఆ కుర్రవాడు తల దించుకుని, "సారీ అంకుల్, హమేఁ మాలూమ్ నహీఁ థా," అన్నాడు. తెలియక చేశాడు.

దుకాణంలోని కుర్చీ, అద్దం ఒక కొత్త సెలూనువాళ్ళు కొనుక్కున్నారు. సీసాలు కాలవలో ఒంపేసి, గాజు కింద పాత సామాన్లు కొనే కబాడీవాడికి అమ్మారు.