బాదం పాలకు తోడు

చివ్వెంల బుచ్చమ్మ పొద్దున్నే పాల క్యానుతో ఆటో ఎక్కి సూర్యాపేటలో దిగిందంటే, వాడుక ఇళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో సిద్ధంగా ఉంటారు. కొలిచి పోశాక కొసరు వేయనిదే ఆమె చెయ్యి వెనక్కి రాదు. ఆమె పోసిన బర్రె పాలు తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్నారు. అలాంటి మనిషి సొంత మనవరాలికే పాలు పడవు, చూశారా!

ఐదేళ్ల దీవెనకు పాలచుక్క తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి బిగుసుకుంటుంది. ఒకసారి దవాఖానలో ఆక్సిజన్ దాకా వెళ్లొచ్చింది. పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎవరేం పెట్టినా "ఇండ్ల పాలున్నయా?" అని అడిగాకే నోరు తెరవాలని తల్లి జ్యోత్స్న నేర్పింది. బుచ్చమ్మ కూడా చేతులు సబ్బుతో తోమి తోమి కడిగితే గానీ పిల్లను ఎత్తుకోదు. పాడి ఉన్న ఇంట్లో మనవరాలికి ఒక్క పెరుగు ముద్ద పెట్టుకోలేని నాయనమ్మ బాధ ఎవరికి చెప్పుకునేది?

ఒకరోజు జ్యోత్స్న నానబెట్టిన బాదంపప్పుల పొట్టు తీసి, మిక్సీలో రుబ్బి, పలచటి గుడ్డలో పిండుతుంటే బుచ్చమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇదేందే?"

"బాదం పాలు అత్తమ్మా. దీవెనకు ఇయ్యి పడతయని డాక్టర్ చెప్పిండు."

"పొదుగు లేదు, తోక లేదు, పాలేడికెల్లొచ్చినయే? తెల్లగున్నయన్నీ పాలయితయా?"

అన్నదే గానీ ఆ గిన్నె చుట్టూనే తిరిగింది. బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసి చూసింది, జారిపోయింది. కాచి చూసింది, నురగ వచ్చింది గానీ మీగడ కట్టలేదు. ఇక మిగిలింది ఒకటే పరీక్ష. తోడుకోనివి పాలే కావన్నది ఆమె లెక్క. కోడలు చూడకుండా ఓ గ్లాసెడు గోరువెచ్చగా చేసి, తోడు వేసి మూత పెట్టింది.

తెల్లారి చూస్తే మెత్తగా గడ్డకట్టి ఉంది! బుచ్చమ్మ సంబరం ఇంతా అంతా కాదు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అన్నంలో ఆ పెరుగు కలిపి ముద్ద నోటిదాకా తెచ్చింది.

"ఇండ్ల పాలున్నయా నాయనమ్మా?"

"లేవు బిడ్డా, బాదం పాలే. జరంత తోడు..."

ఆ తోడు ఎక్కడిది? తన బర్రె పెరుగే కదా! రోజూ చేసే పనాయె, చెయ్యి తన పాటికి తను చేసేసింది. "యేసయ్యా!" అని ముద్ద అవతలికి విసిరేసి, పిల్లను ఒళ్లోంచి దూరంగా జరిపి, బోరున ఏడ్చింది.

జ్యోత్స్న పరుగెత్తుకొచ్చింది. పిల్ల పెదాలు, చేతులు వెతికి చూసి, ఏమీ తగల్లేదని తేలాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

"నా పాణం పోయినంత పనైంది అత్తమ్మా. ఒక్క మాట అడగొద్దా నన్ను?"

"నా చేతులిరగ! తోడు గూడ పాలేనన్న సోయి లేకపాయె."

ఆ పూట పాలు పోస్తున్నా బుచ్చమ్మ ధ్యాసంతా ఆ గిన్నె మీదే. వెనకటికి బర్రెలు వట్టిపోయి, మళ్లీ ఈనేసరికి తోడుకు ఎవరింట్లోనూ పెరుగు దొరకనప్పుడు తన అత్త రంగి ఏం చేసేది? పచ్చిమిరపకాయల తొడిమలు వేసేది! మరి బాదం వాటి మాట వింటుందా? వస్తూ వస్తూ పాల తడి తగలని కొత్త గిన్నె కొనుక్కొచ్చింది. ఈసారి దొంగచాటు లేదు, కోడలిని పక్కన నిలబెట్టుకునే తొడిమలు వేసింది.

మొదటిసారి నీళ్లు నీళ్లయింది. రెండోసారి ఇంకొన్ని తొడిమలు వేసి వెచ్చగా ఉంచితే వదులుగా తోడుకుంది. జ్యోత్స్న ముందు తను రుచి చూసి, "పుల్లగనే ఉన్నదత్తమ్మా, పెట్టుండ్రి" అని నవ్వింది.

బుచ్చమ్మ ముద్ద ఎత్తింది. దీవెన నోరు తెరవలేదు.

"ఇండ్ల పాలున్నయా?"

పాలో పాలని అరుచుకుంటూ బతుకంతా వీధులు తిరిగిన మనిషి, కళ్లు తుడుచుకుని చెప్పింది.

"లేవు బిడ్డా. సుక్క గూడ లేవు."

దీవెన నోరు తెరిచింది.