నీటిమట్టంలో మార్పు లేదు

నాకు ఓపిక తక్కువ. ఈ ముక్క ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది. మీటింగులో ఎవరైనా అన్న మాటే మళ్ళీ అంటే ఒళ్ళు మండుతుంది. ఒకే పని మూడోసారి చేత్తో చెయ్యాల్సి వస్తే దానికో ప్రోగ్రామ్ రాసి పారేస్తాను. పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తూ బతుకుతున్నాను. గత నాలుగేళ్ళుగా ఆ పని కొవ్వూరులో, గోదావరి గట్టుకి దగ్గరగా అద్దెకు తీసుకున్న మేడ మీది గదిలోంచే సాగుతోంది.

ఏఐ వచ్చాక ఉన్న కాస్త ఓపికా పోయింది. నాలుగు రోజుల పని పూట తిరక్కుండా అయిపోతుంటే ఎవరికి మాత్రం మిగులుతుంది? మొదట్లో అది రాసిన ప్రతి లైనూ చదివేదాన్ని, తప్పు దొరికితే సంబరపడేదాన్ని కూడా. తర్వాత తప్పులు తగ్గాయి, దాంతో నా చదవడమూ తగ్గింది. కోడ్ స్క్రీన్ మీద పరుగెడుతుంటే చూస్తూ కూర్చోవడం, చివర్లో యాక్సెప్ట్ అని నొక్కడం. ఇదే ఉద్యోగమైపోయింది.

మా వీధికి చేపలు తెచ్చే ఒకావిడ ఉంది. ఏభై దాటి ఉంటాయి. గట్టు కింద, నదికి ఎదురుగా ఉన్న పేటలో ఇల్లు. భర్త ముప్పై ఏళ్ళుగా గోదావరిలో వల వేస్తున్నారు. ఆమె నన్ను అమ్మాయిగారు అంటుంది, నేను అక్కా అంటాను. జూలైలో ఒకరోజు పొద్దున్న మా మెట్ల మీద చేప పొలుసు తీస్తూ, నది ఎన్ని అడుగులుందో ఫోన్లో ఇంగ్లీషులో వస్తుందట కదా, మాకు చదవడం రాదు, అది మాట్లాడేలా చెయ్యలేరా అని అడిగింది.

ఎగువ నుంచి వరద ఎర్రనీరు వచ్చిందంటే మంచి చేపలు ఏటికి ఎదురెక్కే రోజులు. వల వేయకుండా ఉండలేరు, వేస్తే ప్రాణాలకు తెగించాలి. అప్పటిదాకా ఆమె భర్త సాయంత్రం నీటి అంచున ఒక వెదురుపుల్ల గుచ్చి వచ్చేవారట. తెల్లారాక అది ఎంత మునిగిందో చూసుకుని పడవ తీయాలో వద్దో తేల్చుకునేవారు. వింటే నాకు నవ్వొచ్చింది. ఈ కాలంలో పుల్లలేమిటి అనుకున్నాను.

ఆ ఆదివారం భోజనం చేసి కూర్చున్నాను. గంటకోసారి నీటిమట్టం చూపే పేజీ తెరువు, అంకె తీసుకో, ముందరి అంకెతో పోల్చు, తెలుగులో మర్యాదగా చదివి వాయిస్ మెసేజ్ పంపు అని ఏఐకి చెప్పాను. చివర్లో ఇంకో వాక్యం కలిపాను: ఏం జరిగినా మెసేజ్ ఆగకూడదు. అంతకు ముందు వారం ఆఫీసులో ఒక ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయి నా సెలవు పాడు చేసింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

కోడ్ వచ్చింది. దాన్ని పరీక్షించే కోడ్ కూడా అదే రాసుకుంది, అన్నిటికీ పచ్చటి టిక్కులు పడ్డాయి. మధ్యలో ఒకచోట, పేజీ తెరుచుకోకపోతే పాత అంకెనే వాడాలి అన్న నాలుగు లైన్లు నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాయి. ఇదేంటి అనిపించింది. అన్నీ ఆలోచించే రాసుంటుందిలే అనుకుని నొక్కేశాను. టీ వేళకి పని అయిపోయింది.

రెండు వారాల్లో పేటంతా ఆ గొంతు అలవాటైంది. నమస్కారమండి, నీటిమట్టం తొమ్మిది అడుగులండి, మార్పు లేదండి. ఇరవై ఇళ్ళకు పైగా వెళ్ళేది. ఆమె నాకు మంచి బొచ్చె ముక్కలు ఏరి ఇచ్చేది, వద్దంటే ఊరుకునేది కాదు. మా ఆయన పుల్ల గుచ్చడం మానేశారని ఒకరోజు గర్వంగా చెప్పింది. నేనూ గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది అక్కడే.

నాకో నియమం ఉంది. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా ఫోన్ సైలెంట్‌లో పెట్టి సొరుగులో పడేస్తాను, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను, ఎవరొచ్చినా తలుపు తీయను. కొత్తగా చేరినవాళ్ళకి కూడా ఇదే నేర్పాను. ఆగస్టులో ఒకరోజు కూడా అలాగే కూర్చున్నాను. పని బ్రహ్మాండంగా సాగింది.

పదకొండు దాటాక కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చాను. అక్కడి నుంచి రేవు మెట్లు కనిపిస్తాయి. ఏడింటికి చూసినప్పుడు కింది మెట్ల మీద ఇద్దరు బట్టలు ఉతుకుతున్నారు. ఇప్పుడు ఆ మెట్లు లేవు. వాటి పై వరస కూడా లేదు. ఇటుకపొడి కలిపినట్టున్న నీళ్ళలో గుర్రపుడెక్క గుబుర్లు, వేళ్ళతో సహా లేచొచ్చిన ఒక చెట్టు, చప్పుడు లేకుండా కొట్టుకుపోతున్నాయి.

సొరుగులోంచి ఫోన్ తీశాను. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు గంటల మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. అన్నీ తొమ్మిది అడుగులే, అన్నిట్లోనూ మార్పు లేదండి. పేజీ తెరవబోతే తెరుచుకోలేదు. ఎప్పటి నుంచి తెరుచుకోవడం లేదో తెలియదు. నా ప్రోగ్రామ్ మాత్రం చెప్పిన మాట జవదాటకుండా, ఆగకుండా, మర్యాదగా పని చేస్తోంది.

ఆమెకు ఫోన్ చేశాను. ఆయన వల తీయడానికి నది మధ్య ఇసుక లంకకి వెళ్ళారని చెప్పింది. తొమ్మిది గంటల మెసేజ్ విని బయలుదేరారట. నీరు బాగా పెరిగింది అక్కా, ఎవరినైనా పంపించు అన్నాను.

"లేదండి అమ్మాయిగారు, పదకొండింటిది ఇప్పుడే వచ్చిందండి. మార్పు లేదనే చెప్పిందండి."

నేను అరిచాను. అది తప్పు చెబుతోంది, బయటికొచ్చి చూడు అని అరిచాను. ఆమె కాసేపు నాకే సర్దిచెప్పింది. తర్వాత తలుపు తీసిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే గట్టు వైపు పరుగెత్తిన అడుగుల చప్పుడు.

గట్టు మీదికి పరుగెత్తాను. కట్టేసి ఉన్న ఇసుక పడవల దగ్గర నలుగురు మనుషులుంటే వాళ్ళకి చెప్పాను, వాళ్ళు ఒక పడవ విప్పుకుని వెతకడానికి వెళ్ళారు. లంక ఉండాల్సిన చోట నీళ్ళే ఉన్నాయి. గంటన్నర అలా నిలబడ్డాం. ఆమె నా పక్కనే నిలబడింది, నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్లో పన్నెండింటి మెసేజ్ వచ్చింది. ఆమె నా వైపు చూసింది. దాన్ని ఆపాలని కూడా నాకు తట్టలేదు.

ఆయన వంతెన స్తంభం దగ్గర దొరికారు. పడవ తిరగబడి పోయింది. వల తాడు ఎడమ చేతికి చుట్టుకుని, ఆ తాడు స్తంభానికి తట్టుకోబట్టి మనిషి మిగిలారు. ఇసుక పడవ వాళ్ళు లాగి తెచ్చేసరికి చెయ్యి భుజం దగ్గర వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నమే ప్రోగ్రామ్ తీసేశాను. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు, చెయ్యి కట్టులో ఉంది. ఏమీ దాచకుండా చెప్పాను. పేజీ ఆగిపోయిందని, పాత అంకెనే కొత్తదిలా చదివిందని, అలా చదవమని రాసి ఉన్న లైన్లు నేను చూసి కూడా వదిలేశానని. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ తప్పేంటండి అందులో. నీరు లేస్తోందని పడవెక్కకముందే తెలిసిందండి నాకు. రంగు చూసేను, వడి చూసేను. మార్పు లేదని చెప్తోంది కదండీ. వయసైపోయింది, నా కళ్ళే సరిగా లేవేమో అనుకున్నానండి."

ఆమె టీ ఇచ్చింది, తాగాను. చెయ్యి కుదుటపడగానే కొత్త పడవ చూసుకుంటానని, ఆ మెసేజ్ మళ్ళీ ఎప్పటి నుంచి వస్తుందని ఆయన అడిగారు. ఇక రాదన్నాను. మీ అంత తెలిసినవాళ్ళకి దాని అవసరం లేదు, ఎప్పటిలా మీరే చూసుకోండి అన్నాను.

ఆయన గుమ్మంలోంచి బయటికి చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో మొహమాటంగా అడిగారు.

"ఇంతకీ ఇప్పుడు నీరు దిగుతోందాండి, లేస్తోందాండి?"

గోదావరి ఆ గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.