కుంకుడు రసంతో ఎక్కిన గొట్టం

నేను చదివింది మూడో తరగతి. ఇంజను గురించి రాసేంతటిదాన్ని కాదు. కాని మా ఆయన బానెట్ ఎత్తినప్పుడల్లా పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది నేనే. ఒకటి రెండేళ్ళు కాదు, ముప్పై ఎనిమిదేళ్ళు. ఇలా పట్టుకో, అలా జరుగు అనడం తప్ప ఆయన నాకేదీ చెప్పలేదు. అడిగితే విసుక్కునేవారు. చూసి నేర్చుకున్నాను. నేర్చుకున్నట్టు ఆయనకి తెలియనే తెలియదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. భవానీపురంలో మా ఇంటి పక్క సందులో ఆయన తెల్ల అంబాసిడర్ అలాగే ఉండిపోయింది. అద్దెకి తిప్పి ఇల్లు నడిపిన బండి. మొన్న ఎండాకాలంలో మా అబ్బాయి ఎందుకో ఎవరిదో బ్యాటరీ తెచ్చి తగిలించి స్టార్ట్ చేసి చూస్తే రేడియేటర్ పై గొట్టం పగిలి నీళ్ళు చిమ్మాయి. ఇంజనులో కాగిన నీళ్ళు రేడియేటర్‌లోకి పోయే లావుపాటి రబ్బరు గొట్టం అది. ఇంక దీన్ని ఇనుముకి వేసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు వాడే వచ్చాడు.

"సరేనమ్మా. అది బాగుపడి కొండపల్లి దాకా వెళ్ళొస్తే ఉంచేద్దాం. లేకపోతే నన్నేమీ అనకూడదు."

ఆ మాట పట్టుకుని నేను నడుం కట్టాను.

ఆటోనగర్ నుంచి మిస్త్రీ వచ్చి చూశాడు. ఈ బండికి సరిపోయే గొట్టం ఇప్పుడు రావడం లేదట, తెచ్చినదాని మూతి ఒక పిసరు ఇరుకట. "ఇది ఎక్కదమ్మా. బలవంతం చేస్తే రేడియేటర్ మూతి ఊడొస్తుంది. ఆ మాట నేను పడలేను" అని గొట్టాన్ని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు మా వాడు అడక్కుండానే కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. నా కళ్ళజోడు పుల్ల విరిగితే దారం కట్టుకోమన్నవాడు వీడే. తండ్రి మీద ప్రేమ ఇన్నాళ్ళకి కదిలిందనుకున్నాను.

పొద్దున్నే పని మొదలుపెట్టాను. పాత గొట్టాన్ని కత్తిపీటకి పెట్టలేం కదా, రెండు కొసల క్లిప్పులూ వదులు చేసి, బ్లేడుతో నిలువునా చీరి ఊడదీశాను. దాని కింద మూతుల మీద తెల్లగా గార కట్టి ఉంది. ఇత్తడి బిందె తోమినట్టే చింతపండుతో తోమాను. కొత్త గొట్టాన్ని కాగే నీళ్ళలో వేసి మెత్తబడనిచ్చాను. కుంకుడుకాయలు కొట్టి రసం తీసి పక్కన పెట్టుకున్నాను.

నూనె, గ్రీజు ఆయన రబ్బరు దగ్గరికి రానిచ్చేవారు కాదు. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుందనేవారు. కుంకుడు రసమైతే ఎక్కేదాకా జారుతుంది, ఆరాక పట్టు విడవదు. నా శుక్రవారం తలంటి రసం ఎన్నిసార్లు ఆయన గొట్టాలకి పోయిందో. సణుక్కుంటూనే ఇచ్చేదాన్ని.

ఇంజను వైపు మూతికి ఎంత నెట్టినా సగంలో ఆగింది. ఊపకూడదు, తిప్పుతూ నెట్టాలి. మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ రసం. అరచేయి బొబ్బలెక్కింది. ఈ వయసులో మీకెందుకత్తయ్యా అని మా కోడలు కిటికీలోంచి రెండుసార్లు అంది, బయటికి మాత్రం రాలేదు. చివరికి ఒక్కసారిగా జారి కూర్చుంది. రెండో కొస కూడా ఎక్కించి నడుం నిలబెట్టేసరికి, గొట్టం మీద ముందే తొడిగి ఉంచాల్సిన బిగింపు క్లిప్పులు రెండూ అరుగు మీదే ఉన్నాయి. వాటిని విప్పి చుట్టడానికి లేదు. గొట్టం మళ్ళీ మొత్తం ఊడదీశాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ క్లిప్పులు ఆయన చేతికి అందించింది నేనే.

రెండోసారి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. నీళ్ళు పోసి, కింద పాత పేపరు పరిచి, స్టార్ట్ చెయ్యమన్నాను. పావుగంట నడిచినా పేపరు మీద చుక్క పడలేదు. మా వాడు నన్నొకసారి చూసి, బండి తీసుకుని కొండపల్లి వెళ్ళాడు. మూడున్నరకల్లా తిరిగొచ్చాడు. నేను అన్నం కూడా అప్పుడే తిన్నాను.

అయిదింటికి ఒక ఆసామి వచ్చాడు. పెళ్ళి ఫొటోలకి పాత కార్లు అద్దెకిస్తాడట, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసట. నడిచే బండయితేనే కొంటానని నెల కిందటే మా వాడికి చెప్పి వెళ్ళాడట. మా వాడు ఆ రోజు బండి ఎందుకు స్టార్ట్ చేశాడో, కొత్త బ్యాటరీ ఎందుకు తెచ్చాడో అప్పటికి నాకు అర్థమైంది. మిస్త్రీ కాదన్న పని ఈ ముసలిది మొండికి పడి చేస్తుందని వాడికి తెలుసు. వాడు నా కడుపున పుట్టినవాడే కదా.

"కొండపల్లి వెళ్ళొస్తే ఉంచుతానన్నావు" అన్నాను.

"వెళ్ళొచ్చింది కాబట్టే ఆయన తీసుకుంటున్నారమ్మా. ఇనుముకి పోలేదుగా, ఇంకేం కావాలి నీకు?"

ఆసామి బానెట్ ఎత్తి చూసి, గొట్టం భలే కూర్చోబెట్టారండీ, ఎవరు చేశారని అడిగాడు. "మా మిస్త్రీ" అన్నాడు మా వాడు, నా వంక చూడకుండా.

బండి సందు మలుపు దాకా వెళ్ళాక నేనే వెనకాల నడిచి, కేకేసి ఆపాను. ఆసామి అద్దం దించాడు. "వేడికి రబ్బరు సర్దుకుంటుంది బాబూ. వారం పోయాక రెండు క్లిప్పులూ ఇంకో చుట్టు బిగించుకోండి. నూనె మాత్రం తగలనివ్వొద్దు" అన్నాను. అలాగేనండీ మామ్మగారూ అని నవ్వి పోనిచ్చాడు. విన్నాడో లేదో తెలియదు.

తిరిగొచ్చేసరికి అరుగు మీద గిన్నెలో కుంకుడు రసం సగం మిగిలి ఉంది. పెరట్లో కూర్చుని తల మీద పోసుకున్నాను. ఈ వేళప్పుడు తలస్నానమేంటత్తయ్యా, ఎవరైనా పోయారా అంది కోడలు.

రసం మిగిలింది, పారబోయడమెందుకని చెప్పాను.